సాబ్లేలా పరుగెత్తాలంటే చదువు ఆపాలా?

ప్రశ్న (సంక్షిప్తంగా): మా అబ్బాయి ఇంటర్ ఎంపీసీ మొదటి సంవత్సరం. జిల్లా పోటీల్లో 3000 మీటర్ల పరుగులో రెండో స్థానం వచ్చింది. రోజూ తెల్లవారుజామున బైపాస్ రోడ్డు మీద పరుగెత్తిస్తూ, నేను బైకు మీద స్టాప్‌వాచ్‌తో వెంట వెళ్తున్నాను. జాతీయ రికార్డు సాధించిన పరుగు వీరుడు అవినాష్ సాబ్లే అంతవాడు కావాలంటే ఇప్పుడే కాలేజీ మాన్పించి ప్రైవేటు అకాడమీలో చేర్చమంటున్నారు. చేర్చాలా, లేక చదివిస్తూ స్పోర్ట్స్ కోటా కోసం చూడాలా?
– ఒక తండ్రి, నరసరావుపేట

జవాబు: మీరు రెండు దారులను పోల్చి చెప్పమన్నారు గానీ, ఉత్తరం పొడవునా కనిపించింది ఒకే భయం: ఇప్పుడు చేర్చకపోతే వయసు దాటిపోతుందేమోనని. దాటిపోదు. మీరు చెప్పిన సాబ్లేయే అందుకు సాక్ష్యం. మహారాష్ట్రలోని బీడ్ జిల్లాలో పేద కుటుంబంలో 1994లో పుట్టిన ఆయన, పన్నెండో తరగతి పూర్తిచేసుకొని సైన్యంలో మహార్ రెజిమెంట్‌లో చేరి, సియాచిన్‌లో కూడా పనిచేసి, ఆ తర్వాత 2015లో, అంటే ఇరవై ఏళ్లు దాటాక, సైన్యం క్రాస్‌కంట్రీ పోటీలతో పరుగులోకి వచ్చారు. మూడేళ్లకే 3000 మీటర్ల స్టీపుల్‌చేజ్‌లో గోపాల్ సైనీ పేరిట 37 ఏళ్లుగా ఉన్న జాతీయ రికార్డును దాటారు. 28 అడ్డంకులు, 7 నీటి గుంటలు దాటవలసిన ఆ పరుగులోనే 2022 బర్మింగ్‌హామ్ కామన్‌వెల్త్ క్రీడల్లో కేవలం 0.05 సెకను తేడాతో స్వర్ణం చేజారి రజతం దక్కింది. అంతటివారు కూడా 2025లో మొనాకోలో గాయపడి మోకాలికి శస్త్రచికిత్స చేయించుకోవలసి వచ్చింది. ఆయనకు వెనుక సైన్యం ఉంది. చదువు మధ్యలో ఆపిన మీ అబ్బాయికి ఆ రోజు వెనుక ఏముంటుంది?

అకాడమీల మీద నాకున్న అనుమానాన్ని దాచను. మోకాలి కింద ఎముక నొప్పితో కుంటుతున్న ఒక పదిహేనేళ్ల పిల్లవాణ్ణి, 'నొప్పి దానంతటదే పోతుంది' అంటూ తారురోడ్డు మీద రోజూ పరుగెత్తించిన చోటు నాకు తెలుసు. ఆ కుటుంబం కట్టిన ఫీజు తిరిగి రాలేదు. చేర్చక తప్పదనుకుంటే, శిక్షకుడికి పటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ (ఎన్‌ఐఎస్) డిప్లొమా ఉందా, ఫిజియోథెరపిస్టు ఉన్నారా, మధ్యలో మానేసిన పిల్లలు ఇప్పుడేం చేస్తున్నారు అని అడగండి. మూడో ప్రశ్నకు వాళ్లు తడబడితే వెనక్కి వచ్చేయండి.

కోటా సంగతి రెండు మాటల్లో చెబుతాను. జిల్లా స్థాయి రెండో స్థానాన్ని నమ్ముకొని సీటు లెక్కలు వేయకండి. సాబ్లేలా సైన్యం దారి పట్టాలన్నా, ఇప్పుడు సిపాయిగా చేర్చుకునే అగ్నివీర్ పథకానికి పదిహేడున్నర ఏళ్లు నిండాలి. పైగా అది నాలుగేళ్ల కొలువు, ఆ తర్వాత కొనసాగించేది గరిష్ఠంగా 25 శాతం మందినే.

మరో మాట, కటువుగా ఉన్నా వినండి. మీ ఉత్తరంలో 'కోటా' అన్న మాట ఐదుసార్లు వచ్చింది. అబ్బాయికి పరుగంటే ఇష్టమన్న వాక్యం ఒక్కటీ లేదు. పదహారేళ్ల పిల్లవాడి వెనుక బైకు హారన్ మోగుతుంటే అది సాధన అనిపించుకోదు. ఇంటర్ పూర్తి కానివ్వండి, కాలేజీ మైదానంలో మట్టి మీద వ్యాయామ ఉపాధ్యాయుడి కళ్ల ముందు పరుగెత్తనివ్వండి. రేపటి నుంచి ఒక నెల రోజులు బైకు ఇంట్లోనే ఉంచి, ఎవరూ లేపకుండా అబ్బాయి ఎన్ని ఉదయాలు తనంతట తాను బూట్లు కట్టుకొని బయలుదేరాడో లెక్కపెట్టి, అప్పుడు నాకు మళ్లీ రాయండి.