లీడ్స్ చలికాలానికి ఏ మాత్రలు తెచ్చుకోవాలి?

ప్రశ్న: అక్కా, ఆగస్టులో ఇంగ్లండ్‌లోని లీడ్స్ వచ్చాం. బాబుకి రెండేళ్లు. మేం శాకాహారులం. ఇక్కడ అందరూ ఏవో విటమిన్ మాత్రలు వేసుకుంటున్నారు. రోజూ పప్పు, కూర, పెరుగు తినేవాళ్లకి కూడా అవి కావాలా? వచ్చే నెల మా అత్తయ్యగారు వస్తున్నారు. అక్కణ్ణుంచి ఏమైనా తెమ్మని చెప్పమంటారా?

చెల్లీ, డి విటమిన్ మాత్రం కావాలి. మీ ముగ్గురికీ కావాలి.

నేనొచ్చిన రెండో చలికాలం మేడ మెట్లు కమ్మీ పట్టుకుని ఎక్కేదాన్ని. తొడల్లో సత్తువ లేదు, పక్కటెముకలు సలుపు. చంటిదాన్ని ఎత్తుకుని కింద నుంచి లేవాలంటే మంచం ఆసరా కావాల్సొచ్చేది. వేళకి అన్నం తింటున్నాను కదా, ఇది ఉద్యోగం అలసటే అనుకుని ఆరు నెలలు ఊరుకున్నాను. జీపీ, అంటే ఇక్కడి ఫ్యామిలీ డాక్టరు, దగ్గరికి వెళ్తే ఆవిడ మోకాలి కింద ఎముక మీద బొటనవేలితో నొక్కింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. రక్తపరీక్షలో డి విటమిన్ అడుగంటింది.

అందులో తిండి తప్పేమీ లేదు. డి విటమిన్ మనకి కంచంలోంచి వచ్చేది కొంచెమే, ఎండ ఒంటికి తగిలితే చర్మంలో తయారయ్యేదే ఎక్కువ. విజయవాడ 16 డిగ్రీల అక్షాంశం దాటి కాస్త పైన ఉంటే, లీడ్స్ 53 డిగ్రీలు దాటి ఉంది. డిసెంబరులో మిట్టమధ్యాహ్నం బయటికొచ్చి చూడు, సూర్యుడు ఎదురింటి కప్పు మీదే ఉంటాడు. అంత ఏటవాలుగా వచ్చే ఎండలో డి విటమిన్ని పుట్టించే కిరణాలు మన దాకా దాదాపు రావు. కిటికీ అద్దం వెనక కూర్చుంటే వేసవిలోనూ అంతే. పైగా మన చర్మానికి తెల్లవాళ్లకంటే ఎక్కువసేపు ఎండ కావాలి. 1970లలో గ్లాస్గోలో స్థిరపడ్డ మన ఉపఖండం పిల్లల్లో కాళ్లు వంకరపోయే రికెట్స్ జబ్బు కనిపించింది ఇందుకే.

ఇక్కడి ప్రభుత్వ సలహా పెద్దలకి రోజుకి 10 మైక్రోగ్రాములు, అంటే 400 ఐయూ (అంతర్జాతీయ యూనిట్లు). చలికాలమంతా అందరికీ, మనలాంటి ఛాయవాళ్లకి ఏడాది పొడుగునా. మీ బాబుకీ అంతే, ఏడాదంతా. పిల్లలకి చుక్కల మందు దొరుకుతుంది. పాలు తాగుతున్నాడుగా అనుకోకు. అమెరికాలో ఆవుపాలలో డి విటమిన్ కలుపుతారు, ఇక్కడి మామూలు ఆవుపాలలో కలపరు.

అత్తయ్యగారి చేత 60,000 ఐయూ పొడి ప్యాకెట్లు మాత్రం తెప్పించుకోకు. అది 1,500 మైక్రోగ్రాములు. బాగా లోపమున్నవాళ్లకి డాక్టరు వారానికొకటి చొప్పున కొన్ని వారాలు రాసే మందు. నాకు తెలిసినాయన ఒకరు అది బలానికని రోజూ నీళ్లలో కలుపుకుని తాగారు. ఒకటే దాహం, వాంతులు, చివరికి రక్తంలో కాల్షియం పెరిగిపోయి ఆసుపత్రిలో చేరారు. పెద్దవాళ్లు సొంతంగా రోజుకి 100 మైక్రోగ్రాములు దాటకూడదు. కొనేటప్పుడు డబ్బా తిప్పి చదువు. ఇక్కడ మన ఆకుపచ్చ చుక్క గుర్తు ఉండదు. మెత్తటి గొట్టాలు చాలావరకు జంతువుల ఎముకలు, చర్మాల నుంచి తీసిన జెలటిన్‌తో చేస్తారు. వెజిటేరియన్ అని రాసి ఉన్నదే తీసుకో.

రెండోది బీ12. అది మొక్కల్లో ఉండదు. పూటపూటా పెరుగన్నం, పాలు మానకపోతే మీకు చాలావరకు సరిపోతుంది. కానీ వచ్చినవాళ్లు చాలామంది పాలు మానేసి ఓట్స్ పాలు, బాదం పాలలోకి దిగుతున్నారు. అలాంటప్పుడు బీ12 కలిపినవే కొనాలి. అరికాళ్లలో తిమ్మిర్లు, నాలుక మంట ఉంటే ఆలస్యం చెయ్యొద్దు, నరాలు దెబ్బతింటే తిరిగి బాగుపడకపోవచ్చు.

ఇంకో బిడ్డని అనుకుంటే, నెల తప్పాక కాదు, అనుకున్న రోజు నుంచే ఫోలిక్ యాసిడ్ 400 మైక్రోగ్రాములు మొదలుపెట్టి పన్నెండో వారం దాకా వేసుకో. బిడ్డ వెన్నుపాము రూపుకట్టేది మనకి తెలిసీ తెలియని ఆ మొదటి వారాల్లోనే. ఆ మాత్ర చేతిలోకి తీసుకున్నప్పుడల్లా నాకు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు గుర్తొస్తారు. 1940లలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల్లో ఆయన బృందమే దాన్ని తయారుచేసింది. ఆ నెలల్లో కాడ్ లివర్ నూనె మాత్రం ముట్టుకోకు, అందులో ఉండే విటమిన్-ఎ ఎక్కువైతే బిడ్డకి చేటు.

ఐరన్ మాత్రలు పరీక్ష చేయించుకోకుండా వద్దు. తోటకూర పప్పులో నిమ్మకాయ పిండుకో, అన్నం తిన్న వెంటనే టీ తాగకు. అన్నీ ఒకే గొట్టంలో పెట్టిన ఖరీదైన మాత్రలకి పెట్టే డబ్బుతో ఆకుకూరలు కొనమంటాను.

అత్తయ్యగారికి షుగరుంటే ఏ మాత్ర వేసుకుంటున్నారో కనుక్కో. ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ అయితే బీ12 తగ్గే అవకాశముంది, విమానమెక్కేలోపే అక్కడ పరీక్ష చేయించుకుని రమ్మను. ఆవిడ ఉన్నన్నాళ్లూ మీతోపాటు ఆవిడకీ ఒక డి మాత్ర.