పదో తరగతి పబ్లిక్ పరీక్ష అవసరమా?

ప్రశ్న: మా అమ్మాయి జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో తొమ్మిదో తరగతి చదువుతోంది. వచ్చే ఏడాది పబ్లిక్ పరీక్షలన్న దిగులు దానికి ఇప్పటినుంచే పట్టుకుంది. పాఠం చెప్పిన ఉపాధ్యాయులే మార్కులు వేసి పై చదువుకు పంపితే సరిపోదా?
– ఒక గృహిణి, వినుకొండ

జవాబు: మీరు సూచించిన పద్ధతిని సీబీఎస్‌ఈ కొన్నేళ్లు అమలు చేసి చూసిందమ్మా. అదే పాఠశాలలో పై తరగతులు చదవబోయేవారికి 2011 నుంచి పదో తరగతి బోర్డు పరీక్షను ఐచ్ఛికం చేసిన ఆ సంస్థే, 2018లో దానిని మళ్లీ అందరికీ తప్పనిసరి చేసింది.

నన్నడిగితే, ఈ పరీక్ష అవసరం మీ అమ్మాయివంటి పిల్లలకే ఎక్కువ. మూల్యాంకన కేంద్రంలో జవాబు పత్రం దిద్దే ఉపాధ్యాయుడికి ఆ బిడ్డ పేరు గానీ, ఊరు గానీ, చదివిన బడి గానీ తెలియవు. అంతర్గత మార్కులకు ఆ రక్షణ లేదు. వాటిని ఉదారంగా పంచిపెట్టే బడులున్న సంగతి ఉపాధ్యాయ లోకానికి కొత్త కాదు. నూజివీడు, ఇడుపులపాయ వంటి ట్రిపుల్ ఐటీలలో ఆరేళ్ల ఇంజినీరింగ్ చదువుకు సీట్లు ఇచ్చేది పదో తరగతి మార్కులను బట్టే; పైగా ప్రభుత్వ బడుల పిల్లలకు అదనంగా 4 శాతం కలుపుతారు. కోచింగ్‌కు డబ్బు పెట్టలేని ఇంటికి ఇది చిన్న విషయం కాదు. కరోనా వల్ల 2020లో పరీక్షలు రద్దై అందరూ ఉత్తీర్ణులైనప్పుడు, ఆ సీట్ల కోసం విడిగా ప్రవేశ పరీక్ష పెట్టవలసి వచ్చింది.

అలాగని లోపాలు లేవనను. పదేళ్ల చదువును కొన్ని గంటల రాతతో తూచడం, దానికోసం చివరి ఏడాదంతా బట్టీకే అప్పగించడం, ఫలితాల మర్నాడే ర్యాంకుల ప్రకటనలు గుప్పించడం పిల్లలను నలిపేస్తున్నాయి. దిద్దేవారూ పొరపడతారు: 2019లో తెలంగాణ ఇంటర్ ఫలితాలలో తప్పులు బయటపడి, తప్పిన వారందరి పత్రాలనూ ఉచితంగా పునఃపరిశీలించవలసి వచ్చింది.

కనుక పరీక్షను తీసివేయడం కన్నా రెండో అవకాశం ఇవ్వడం మేలు. సీబీఎస్‌ఈ 2026 నుంచి పదో తరగతికి ఏడాదిలో రెండు పరీక్షలు పెట్టి, మూడు సబ్జెక్టుల వరకు మార్కులు పెంచుకునే వీలు కల్పించింది. మన సప్లిమెంటరీ ప్రధానంగా తప్పినవారి కోసమే. ఉత్తీర్ణులకూ ఏటా అటువంటి వీలుండాలి. ఈలోగా మీ అమ్మాయి చేత వారానికొక పాత ప్రశ్నపత్రం గడియారం ఎదురుగా పెట్టుకుని రాయించండి. రాసినదాన్ని సొంత మాస్టారు కాకుండా వేరే వారెవరైనా దిద్దితే మరీ మంచిది.