బయానా ఇచ్చే ముందు

చిరంజీవులు బిడ్డకు, అల్లుడికి పెదనాన్న ఆశీస్సులు.

నల్గొండ రామగిరిలో ఇల్లు మాటైపోయినంక ఓనరు రేటు పెంచిండని నువ్వు ఫోన్‌ల ఏడిస్తే నాకు పానం ఉసూరుమన్నది. రిజిస్ట్రేషన్ ఆఫీసు ముందర ఏండ్ల తరబడి దస్తావేజులు రాసినోణ్ణి కాబట్టి చెప్తున్న. ఒక ఇల్లు చేజారిన కోపంలనే జనం ఇంకో ఇంటికి తొందరపడి బయానా, అంటే అడ్వాన్సు, ఇస్తరు. పానగల్ ఇల్లు మీకు నచ్చితే సంతోషమే, కానీ కాగితాలు చూడంది ఒక్క రూపాయి కూడా ఇయ్యకండి.

ముందు పైసల సంగతి. 40 లక్షల ఇంటికి కాగితం మీద 25 లక్షలే రాద్దాం, ఖర్చు తగ్గుతదని ఆ పానగల్ ఇంటి ఓనరు అంటున్నడట కదా. లెక్క కట్టి చూడండి. 30 లక్షల దాకా లోనుకు బ్యాంకు ఎక్కువల ఎక్కువ 90 శాతం ఇస్తది, అది దాటితే 80 శాతమే. కాగితం మీది ధర, వాళ్ల వాల్యూయర్ కట్టిన ధర, రెంట్ల ఏది తక్కువైతే దాని మీదనే. 25 లక్షలు రాస్తే లోను ఇరవై రెండున్నర లక్షలు దాటదు. మిగతా పదిహేడున్నర మీ చేతి నుంచి పోవాలె. రిజిస్ట్రేషన్ 2021 నుంచి 7.5 శాతం, అంటే ఇంకో లక్షా ఎనభై ఏడు వేలు. అదే 40 లక్షలూ రాయిస్తే లోను 32 లక్షల దాకా వస్తది, మీరు పెట్టేది 8 లక్షలు, రిజిస్ట్రేషన్‌కు 3 లక్షలు. లోను పెరిగితే కిస్తీ కూడా పెరుగుతది, అది మోయగలమా అన్నది మీరిద్దరు కూసొని చూసుకోవాలె. కానీ తక్కువ రాయించుడు మీకు లాభమన్న మాట మాత్రం అబద్ధం. రేపు మీరు అమ్మేనాడు కూడా తక్కువ కాగితమే మెడకు చుట్టుకుంటది, పన్ను ఎక్కువ పడ్తది.

ఈసీ, అంటే ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపించే కాగితం, అది ఒక్కటి తీసి సంబరపడొద్దు. ఈసీల రిజిస్టరైనవే కనపడ్తయి. సాదా బైనామా, అంటే రిజిస్టర్ కాని తెల్లకాగితం మీద అమ్మింది, కోర్టుల నడుస్తున్న కేసు, అన్నదమ్ముల నోటిమాట పంపకం అందుల రావు. అందుకే లింకు డాక్యుమెంట్లు, అంటే ఇల్లు చేతులు మారిన పాత దస్తావేజులన్నీ, మొదటి నుంచి చూడాలె, అవి కూడా జిరాక్సులు కాదు, ఒరిజినల్స్. ఒరిజినల్ అడిగితే "లాకర్ల ఉంది, తర్వాత చూపిస్త" అన్నడంటే అది ఎక్కడనో తాకట్టు పడి ఉండొచ్చు. తాతల ఆస్తి అయితే ఆడబిడ్డల సంతకాలు కూడా ఉండాలె. అక్కచెల్లెండ్ల హక్కు మరిచి కొన్నోళ్లు ఏండ్లకేండ్లు కోర్టు మెట్లెక్కుడు నేను చూసిన. జీపీఏ, అంటే ఓనరు తన తరఫున అమ్మమని రాసిచ్చిన అధికార పత్రం, పట్టుకొని అమ్మే మనిషి వస్తే, అసలు ఓనరు బతికున్నడా, ఆ జీపీఏ రద్దు కాలేదా అని విచారించాలె. జీపీఏతోని ఇల్లు మనదైపోదని సుప్రీంకోర్టు 2011లనే చెప్పింది.

పానగల్ దిక్కు ఉదయసముద్రం రిజర్వాయర్ ఉన్నది కదా, ఇల్లు దాని ఎఫ్‌టీఎల్ల (నిండినప్పుడు నీళ్లొచ్చే హద్దుల), దాని చుట్టూ కట్టొద్దని విడిచే బఫర్ జోన్ల లేదని ఇరిగేషన్ ఆఫీసుల అడగండి. లేఔటుకు డీటీసీపీ (సర్కారు టౌన్ ప్లానింగ్ శాఖ) అనుమతి గానీ, అనుమతి లేని ప్లాట్లను క్రమబద్ధం చేసే ఎల్‌ఆర్‌ఎస్ గానీ ఉన్నదా చూడండి. బోరు నిండుగ పోస్తదని మురిసిపోవద్దు, మన జిల్లల ఫ్లోరైడ్ సంగతి మీకు తెలియంది కాదు. కృష్ణా నీళ్ల నల్లా ఇంటి దాకా వస్తదా, వారానికి ఎన్నిసార్లు వదుల్తరు అన్నది పక్కింటి ఆడోళ్లనే అడగాలె, ఏజెంటును కాదు.

అద్దె కట్టుడు దండుగ అని చుట్టాలంటరు, పట్టించుకోకండి. ఇంకో ఏడాది అద్దె కట్టినా, వివాదంల పడ్డ ఇంటికి కట్టే కిస్తీ ముంగట అది ఎంత? అల్లుడూ, ఆ ఓనరు రేపే బయానా కావాలని ఒత్తిడి చేస్తే "మా పెదమామ కాగితాలు చూడాలన్నడు" అని నా పేరు చెప్పు. లింకు డాక్యుమెంట్లు, ఈసీ పట్టుకొని ఆదివారం పొద్దుగాల రండి, తెలిసిన వకీలుకు చెప్పి ఉంచుత.

మీ పెదనాన్న