సంతాప సభ సరే, పీఎఫ్ కాగితాల సంగతేంటి?

ప్రశ్న: నేను బాలానగర్‌లో ఒక ప్రైవేటు ఫ్యాక్టరీలో పని చేస్తున్నాను. మా స్టోర్స్ చూసే అన్న పోయిన నెల గుండెపోటుతో చనిపోయారు, యాభై కూడా నిండలేదు. ఇండెంట్ (సామాను కావాలని రాసిచ్చే చీటీ) లేకుండా ఒక్క బోల్టు కూడా ఇచ్చేవారు కాదు, అదే నైట్ షిఫ్టులో మెషిన్ ఆగిందని ఫోన్ చేస్తే తాళాలు పట్టుకుని ఇంటి నుంచి వచ్చేసేవారు. కొత్తగా చేరినవాళ్లకి మొదటి జీతం వచ్చేదాకా క్యాంటీన్‌లో తన ఖాతా మీద భోజనం రాయించేవారు. సంతాప సభలో నన్ను మాట్లాడమన్నారు, అప్పటినుంచి ఒకటే టెన్షన్. వదిన దగ్గర ఏం మాట్లాడాలో తెలీక పెద్దకర్మ తర్వాత వాళ్లింటికే వెళ్లలేదు. పిల్లలిద్దరు, చిన్నోడు ఇంటర్. ఏం చేయమంటారు?
- ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మృదుస్వభావి, అజాతశత్రువు, ఆయన లేని లోటు తీరనిది లాంటి మాటలు మాత్రం వద్దు. ఎవరు పోయినా ఫ్లెక్సీ మీద ఇవే రాస్తారు. పైన మీరు మాకు రాసింది ఉన్నదున్నట్టు చదివితే చాలు, ఆ బోల్టు సంగతితో సహా. మనిషి పోగానే దేవుణ్ని చేసేయడం మనకో అలవాటు, కానీ ఇండెంట్ కోసం ఆయనతో గొడవపడ్డవాళ్లు కూడా ఆ హాల్లోనే ఉంటారు కదా, వాళ్లు నవ్వితే నవ్వనివ్వండి. మధ్యలో ఏడుపొస్తే కాగితం పక్కవాళ్లకివ్వండి, వాళ్లు చదువుతారు.

ఇక వదిన గారింటికి ఈ ఆదివారమే వెళ్లండి. "ఏదైనా అవసరమైతే చెప్పండి" అని చెప్పి వచ్చేస్తే ఏం లాభం, ఆవిడ ఫోన్ చేసి అడుగుతారా? క్యాంటీన్ ఖాతా సంగతి ఆ ఇంట్లో తెలుసో లేదో, చిన్నోడు పక్కనుండగా చెప్పండి. ఫ్యాక్టరీలో వాళ్ల నాన్న ఎలా ఉండేవారో మీరు చెప్తేనే వాడికి తెలిసేది.

అన్నిటికంటే ముఖ్యం కాగితాలు. సర్వీసులో ఉండగా చనిపోతే పీఎఫ్ డబ్బుతో పాటు ఈడీఎల్ఐ అనే బీమా కింద 7 లక్షల దాకా రావచ్చు, జీతంలోంచి పైసా కట్ కాదు కాబట్టి ఇలాంటిదొకటి ఉందనే చాలా ఇళ్లల్లో తెలీదు. కొన్ని కంపెనీలు దాని బదులు వేరే గ్రూప్ ఇన్సూరెన్స్ పెడతాయి, ఏది ఉందో హెచ్ఆర్‌ని అడగండి. పీఎఫ్‌తో పాటు ఉండే పెన్షన్ పథకం ఈపీఎస్‌లో సభ్యుడైతే భార్యకి నెలనెలా పెన్షన్ వస్తుంది, ఇద్దరు పిల్లలకి 25 ఏళ్లు వచ్చేదాకా విడిగా ఇస్తారు. గ్రాట్యుటీకి ఐదేళ్ల సర్వీసు ఉండాలనే రూలు చనిపోయినవాళ్లకి వర్తించదు, ఎవరైనా అలా చెప్పి తిప్పి పంపితే ఒప్పుకోవద్దు. పీఎఫ్, పెన్షన్, బీమా మూడింటికీ కలిపి ఒకే దరఖాస్తు ఉంటుంది. డెత్ సర్టిఫికెట్, బ్యాంకు వివరాలు, ఆయన పీఎఫ్ ఖాతాకి ఉండే యూఏఎన్ నంబరు దగ్గర పెట్టుకోండి. నామినీ పేరు లేకపోతే మీసేవలో ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌కి ఇప్పుడే పెట్టించండి, అది ఆలస్యమైతే మిగతావన్నీ ఆగుతాయి. ఆయన బ్యాంకు పాస్‌బుక్కులో ఏటా 436 రూపాయలు కట్ అయినట్టుంటే అది జీవన్ జ్యోతి బీమా, 2 లక్షలు వస్తాయి, ఆ బ్యాంకుకి వెంటనే వెళ్లాలి. వీటన్నిటికీ ఆవిణ్ని ఒంటరిగా తిప్పకండి, మీలో ఒకరు సెలవు పెట్టి వెంట వెళ్లండి. ఫ్లెక్సీకి పోగుచేసిన డబ్బులుంటే ఆటో ఖర్చులకి పనికొస్తాయి!

ప్రశ్న: ఆ సీట్లో అప్పుడే కొత్త కుర్రాణ్ని కూర్చోబెట్టారు. మాలో ఎవరికీ అతనితో మాట్లాడబుద్ధి కావట్లేదు.
- అదే పాఠకుడు

జవాబు: అతనేం చేశాడండీ? ఉద్యోగం ఇస్తే చేరాడు. ఇంకా మొదటి జీతం కూడా వచ్చి ఉండదు, మధ్యాహ్నం భోజనం ఎక్కడ చేస్తున్నాడో కనుక్కోండి.