ఆ గాజులు వేసుకోండి

ప్రశ్న: మాది కోనసీమలో ఒక పల్లె. నాకు 27 ఏళ్లు. తొలి కాన్పు, ఇప్పుడు ఏడో నెల. నాలుగో నెలలో రొమ్ములో గడ్డ తగిలితే కడుపుతో ఉన్నప్పుడు మామూలే అన్నారు. పరీక్షల్లో క్యాన్సర్ అని తేలింది. ఒక రొమ్ము తీసేశారు. కీమోథెరపీ మొదలైంది. మాది బయటి సంబంధం. ఆడపడుచు పెళ్లి చెడుతుందని అత్తగారు మా అమ్మకు కూడా చెప్పనివ్వలేదు. సీమంతం ఆపేశారు. నా గ్లాసుకు గోళ్ల రంగుతో గుర్తు పెట్టి విడిగా ఉంచుతున్నారు. మిగతా వైద్యం పురుడు పోసుకున్నాక చూద్దామంటున్నారు. నా భర్త నోరు విప్పరు. మందు ఎక్కేటప్పుడు బిడ్డ కదిలితే నన్నే తిడుతోందేమో అనిపిస్తుంది.

జవాబు: అమ్మా, గోళ్ల రంగు పూసిన ఆ గ్లాసు దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. క్యాన్సర్ అంటువ్యాధి కాదు. కలిసి తిన్నా, పక్కన పడుకున్నా ఎవరికీ సోకదు. పైగా కీమో రోజుల్లో తెల్లరక్తకణాలు తగ్గుతాయి కనుక, ఇంట్లో వారి జలుబు, జ్వరాలే మీకు ప్రమాదం. ఈసారి ఆస్పత్రికి అత్తగారిని వెంట తీసుకువెళ్లి, ఈ మాట డాక్టరు నోట విననివ్వండి. కోడలు చెబితే ఎదురు మాటలా వినిపించవచ్చు.

బిడ్డ మిమ్మల్ని తిట్టడం లేదు. అవయవాలు రూపుకట్టే మొదటి మూడు నెలల్లో కీమో ఇవ్వరు. ఆ తరువాత ఇవ్వదగిన మందులు కొన్ని ఉన్నాయి. అలా కడుపులో ఉండగా కీమో అందిన పిల్లలను వైద్యులు పుట్టాక గమనిస్తూ వచ్చారు. చాలామంది తక్కిన పిల్లలలాగే ఎదిగారు. నెలలు నిండకుండా పుట్టడమే వారికి ఎక్కువ చేటు. అందుకే వీలైతే 37 వారాలు దాటేవరకు ఆగుతారు. కాన్పుకు సుమారు మూడు వారాల ముందు కీమో ఆపుతారు. రేడియేషన్, హార్మోన్ల పనిని అడ్డుకునే టామోక్సిఫెన్ మాత్రల వంటివి పురుడయ్యాకే. అంటే ఆగవలసినవి కొన్ని ఉన్నాయి, కానీ ఏది ఆగాలో చెప్పవలసింది మీ వైద్యులు, ఒప్పుకోవలసింది మీరు. ఆ మాట ఇంట్లో మరెవరి చేతుల్లోనూ పెట్టకండి.

రొమ్ము పోయింది. కీమో సాగినన్నాళ్లు బిడ్డకు పాలివ్వలేరు. ఈ రెండు దుఃఖాల గురించి మీరు ఒక్క మాట కూడా రాయలేదు. కడుపుతో ఉన్నదానివి, ఏడవకూడదు అంటారు మనవాళ్లు. ఏడవండి. మీ కన్నీళ్లు బిడ్డకు ఏ హానీ చేయవు. నిద్ర పట్టకపోయినా, బతకాలనిపించకపోయినా ఆ రోజే డాక్టరుకు చెప్పండి. మనసు బాధకు సాయం చేసే ప్రభుత్వ ఫోను సేవ టెలిమానస్ (14416)లో ఏ వేళైనా తెలుగులో మాట్లాడవచ్చు.

అమ్మకు మాత్రం ఇవాళే ఫోను చేయండి. ఊరందరికీ చెప్పనక్కర లేదు, ఎవరికి చెప్పాలో మీ ఇష్టం. కానీ తొలి కాన్పుకు కూతురిని పుట్టింటికి తీసుకువెళ్లడానికి రోజులు లెక్కపెట్టుకునే తల్లికి ఇది దాచడం, ఆమెకూ మీకూ అన్యాయం. ఆడపడుచు పెళ్లి భయం నాకు అర్థమవుతుంది, పల్లెల్లో అలాంటి మాటలు పుడతాయి. కానీ మీది మేనరికం కూడా కాదు. మీ జబ్బుకూ ఆమె రక్తానికీ సంబంధం లేదు. మీ వయసును బట్టి జన్యు పరీక్ష గురించి అడగండి. అది మీ అక్కచెల్లెళ్లకు పనికివస్తుంది.

మీ భర్త మౌనం వెనుక భయం ఉండవచ్చు. ఇంట్లో గోడలకు చెవులుంటాయి కనుక, ఆస్పత్రికి వెళ్లే దారిలో, రావులపాలెం వంతెన మీదనో కాలువ గట్టునో మాట కదపండి. ‘ఏమైనా మాట్లాడండి’ అనవద్దు, ఒక పని అప్పగించండి. రాలిన జుట్టు దువ్వెనలోంచి తీయమనండి. డాక్టరును అడగవలసినవి కాగితం మీద రాయమనండి. చేతికి పని దొరికితే, మాట మెల్లగా దానంతట అదే వస్తుంది.

ఇక సీమంతం. తొమ్మిదో నెలలోనూ చేసుకోవచ్చు, డాక్టరును అడిగి రోజు పెట్టుకోండి. పేరంటానికి ఊరిని పిలవవద్దు, జ్వరం, దగ్గు లేని నలుగురు చాలు. ఆపరేషన్ అయిన వైపు చేతికి బిగుతు గాజులు వద్దు, వాపు రావచ్చు. రెండో చేతికి మీ అమ్మ చేత నిండుగా తొడిగించుకోండి.