బాల్ పైథాన్ పెట్టెలో రెండు గూళ్లు, ఒక థర్మోస్టాట్

పిల్లలు అడిగారని బాల్ పైథాన్ కొంటున్నారా? పామునూ పెట్టెనూ ఒకే రోజు ఇంటికి తేకండి. పెట్టె ముందు అమర్చి, ఒక పగలూ ఒక రాత్రీ వేడి నిలకడగా ఉందని చూసుకున్నాకే పామును తేవాలి. అంతకన్నా ముందు లీజు కాగితం చదవండి, కుక్కకు ఒప్పుకున్న అపార్ట్‌మెంటు పాముకు ఒప్పుకోవాలని లేదు. హవాయిలో పామును పెంచుకోవడమే నేరం. ఆస్ట్రేలియాలో ఈ జాతిని ఉంచుకోనివ్వరు.

అమెరికాలో పరికరాలు ఫారెన్‌హీట్‌లో చూపిస్తాయి. వెచ్చని వైపు నేల 88 నుంచి 92 (సెల్సియస్‌లో 31–33), చల్లని వైపు 76 నుంచి 80 (24–27) ఉండాలి. 95 దాటనివ్వకండి.

పశ్చిమ ఆఫ్రికాలో ఈ పాము పగలంతా ఎలుక కలుగుల్లో, చెదపుట్టల్లో ఇరుక్కుని గడుపుతుంది. అందుకే రెండు వైపులా ఒకేలాంటి గూడు పెట్టాలి. గూడు ఒక్కటే ఉంటే దాక్కోవడం కోసం వేడిని వదులుకుంటుంది. చల్లటి చోటే ఉండిపోతే తిన్న ఎలుక అరగక కక్కేస్తుంది. చుట్ట చుట్టుకున్నప్పుడు ఒళ్లు గోడలకు ఆనేంత ఇరుకు గూడు, ఒకే ద్వారం ఉంటే చాలు. పిల్ల పాముకైతే బోర్లించిన ప్లాస్టిక్ డబ్బాకు కన్నం చేసి, అంచులు గరుకు కాగితంతో రుద్దినా సరిపోతుంది. రాతి గూడైతే నేల మీద పరిచిన కొబ్బరి పొట్టు మీద కాదు, నేరుగా పెట్టె అడుగు అద్దం మీదే నిలపండి. పాము కిందికి తవ్వుకుంటూ పోతే అది మీద కూలుతుంది.

అన్నిటికంటే ముఖ్యమైనది వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్. దుకాణంలో కిట్‌గా అమ్మేవాటిలో చాలాసార్లు అది ఉండదు, విడిగా కొనాల్సిందే. కరెంటుతో వేడెక్కే పలుచటి హీట్ మ్యాట్‌ను పెట్టె అడుగున బయటివైపు, నేలలో మూడోవంతు మించకుండా అంటించండి. పెట్టెను చిన్న రబ్బరు కాళ్ల మీద ఎత్తి ఉంచితే కింద గాలి ఆడుతుంది. వేడిని పసిగట్టే థర్మోస్టాట్ ప్రోబ్‌ను మ్యాటుకూ అద్దానికీ మధ్య టేపుతో బిగించండి. లోపల వదిలేస్తే పాము దాన్ని జరిపేస్తుంది, లేదా నీళ్లలో పడుతుంది. అప్పుడు థర్మోస్టాట్ చల్లగా ఉందని చదివి మ్యాటును ఆపకుండా కాలుస్తుంది. పొట్టును పక్కకు జరిపి, ఉత్త అద్దం మీద టెంపరేచర్ గన్‌తో కొలిచి సరిచేయండి. పాము అక్కడిదాకా తవ్వుతుంది కాబట్టి, పైనున్న పొట్టు వేడి చూసి సరిపెట్టుకోవద్దు.

మ్యాట్ గాలిని వేడి చేయదు. చలికాలంలో గది 68కి పడిపోతే పైన వెలుతురు లేకుండా వేడినిచ్చే సిరామిక్ ఎమిటర్ కావాలి. దానికి పింగాణీ హోల్డరే వాడండి, ప్లాస్టిక్‌ది కరిగిపోతుంది. దీనికీ వేరే థర్మోస్టాట్ ఉండాలి. పెట్టె లోపల బిగిస్తే చుట్టూ తీగ జాలీ తప్పనిసరి. ఎర్ర బల్బులు, కరెంటుతో వేడెక్కే రాళ్లు అసలు కొనకండి.

ఇంటి హీటర్ ఆడేకొద్దీ గాలి పొడిబారి కుబుసం ముక్కలుగా ఊడుతుంది. తేమ 55 నుంచి 70 శాతం మధ్య ఉంచండి. జాలీ మూతలో మూడింట రెండొంతులు, ఎమిటర్‌కు దూరంగా, రేకుతో కప్పండి. కుబుసం విడిచే ముందు కళ్లు నీలంగా మసకబారగానే, తడిపి పిండిన స్ఫాగ్నమ్ నాచును వెచ్చని గూట్లో పెట్టండి.

పాము ఎప్పుడూ చల్లని గూట్లోనే ఉంటే వెచ్చని వైపు వేడి ఎక్కువైందేమో కొలవండి. పొట్ట పొలుసులు ఎర్రబడినా, పొక్కులు లేచినా అవి కాలిన గాయాలు కావచ్చు. మ్యాట్ ఆపేసి, గదిని వెచ్చగా ఉంచి, పాములకు వైద్యం చేసే ఎగ్జోటిక్స్ వెట్‌కు అదే రోజు చూపించండి.