పక్కింటి గోడలో మా దూలాలు: గోడ తీసేస్తామంటే ఆపగలమా?

ప్రశ్న: మా పెంకుటింటి మూడు దూలాల కొసలు పక్కింటి గోడలో ఉన్నాయి. నాన్నగారి కాలం నుంచీ అంతే. ఇప్పుడు పక్కవారు గోడ పడగొట్టి స్లాబు వేసుకుంటామంటున్నారు. మాకు హక్కుందా?

జవాబు: ఉండే అవకాశం ఎక్కువే. కానీ ముందు తేలాల్సింది ఆ దూలాలు గోడలోకి ఎలా వచ్చాయన్నది.

రెండిళ్లూ ఒకప్పుడు ఒకే కుటుంబానివైతే పంపకం దస్తావేజు తీసి హద్దులు చదవండి. 'ఉమ్మడి గోడ' అని ఉంటే అందులో మీకూ వాటా ఉంది, వారొక్కరే పడగొట్టడానికి వీల్లేదు. అలా రాయకపోయినా, పంపకం నాటికే దూలాలు ఆ గోడకు ఆని ఉంటే, ఈజ్‌మెంట్ల (అంటే మన ఆస్తి అవసరానికి పక్కవారి ఆస్తిని పరిమితంగా వాడుకునే హక్కుల) చట్టం (1882) 13వ సెక్షన్ కింద ఆ ఆసరా మీ వాటాతో పాటే వచ్చినట్టు.

పంపకం లేకపోతే అదే చట్టం 15వ సెక్షన్ చూడాలి. 20 ఏళ్లు అడ్డూ ఆటంకం లేకుండా, హక్కుగా అనుభవించి ఉండాలి. బతిమాలి అనుమతితో పెట్టుకున్నవైతే ఈ లెక్క పనికిరాదు. అప్పుడు అదే చట్టం 60(బి) సెక్షన్ ఆసరా అవుతుంది: అనుమతిని నమ్మి ఖర్చుపెట్టి శాశ్వత నిర్మాణం చేశాక దాన్ని వెనక్కి తీసుకోలేరు. దావాలో ఉమ్మడి హక్కు, అది కాకుంటే ప్రత్యామ్నాయంగా ఈజ్‌మెంట్ అని స్పష్టంగా రాయించండి. రెండూ కలిపేస్తే ఒకదాన్నొకటి దెబ్బతీస్తాయి.

గోడ పడ్డాక సాక్ష్యం కూడా మట్టిలో కలిసిపోతుంది. అందుకే ఇప్పుడే ఫొటోలు తీయండి. దూలం కొస చుట్టూ ఉన్న సున్నం, గోడ సున్నం ఒకటేనా, లేక గోడను తొలిచి దూలం దూర్చి సిమెంటుతో పూడ్చారా అన్నది దగ్గరగా కనిపించాలి. సున్నం ఒకటే అయితే దూలం గోడతో పాటే కూర్చుందని చెప్పడానికి అది బలమైన ఆనవాలు. దావాతో పాటే తాత్కాలిక ఇంజంక్షన్‌కీ (గోడను ముట్టుకోవద్దనే కోర్టు ఉత్తర్వుకీ), సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 26 రూల్ 9 కింద అడ్వకేట్ కమిషనర్‌కీ (స్థలం చూసి నివేదిక ఇవ్వడానికి కోర్టు పంపే న్యాయవాదికీ) దరఖాస్తు వేయండి. కొసలు ఎన్ని అంగుళాలు దిగాయో, కింద రాయి ఉందో చెక్క ఉందో కమిషనర్ కొలిచి రాయాలి.

మీ హక్కుకున్న పరిమితులూ తెలుసుకోండి. గోడ పక్కవారిదే అయి, మీది ఈజ్‌మెంట్ మాత్రమే అయితే, మీ కోసం దాన్ని బాగుచేయించే బాధ్యత వారికి లేదు. పెంకులు తీసి స్లాబు వేసి ఆ గోడ మీద బరువు పెంచే హక్కు మీకూ లేదు.

రాజీ కుదిరితే మంచిదే. మీ స్థలంలో ప్రతి దూలం కింద పునాదితో స్తంభం లేపాలి. ఈలోగా దూలాలకు దన్ను కర్రలు పెట్టాలి, వాటి కింద నేల మీద మందపాటి పలక పరవాలి, లేకపోతే కర్ర నేలలోకి దిగి కప్పు జారుతుంది. ఖర్చు ఎవరిదో రాసుకుని రిజిస్టర్ చేయించండి. బరువు కొత్త స్తంభాల మీదికి పూర్తిగా దిగేవరకూ పాత గోడను ముట్టుకోకూడదన్న షరతు అందులో తప్పనిసరిగా ఉండాలి.